పెద్ద వయసు కుక్కకు ఒక ఇల్లు కావాలి



ఈ వారం వాక్యధ్యానం రాద్దామని కూర్చుంటే మనసంతా ఒక పని మీదే ఉంది. అందుకని ఆ పని గురించే రాస్తున్నాను. మన సంఘంలోని రిటైరైన టీచరమ్మ గారు ఈ నెలాఖరుకు అమెరికాలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లిపోతున్నారు. ఇంటికి తాళం వేస్తారు, కొబ్బరి చెట్లు పక్కింటివాళ్లు చూసుకుంటారు, పెన్షన్ సంగతి అల్లుడు గారు చక్కబెట్టారు. తెమలనిది ఒక్కటే. "అన్నీ సర్దాను అయ్యగారూ, బుడ్డును ఎక్కడ సర్దను?" అన్నారు మొన్న ప్రార్థన కూడిక అయ్యాక.

బుడ్డు అంటే ఎవరో మన ఊళ్లో వాళ్లకు చెప్పనక్కర్లేదు. బయట ఉన్నవాళ్ల కోసం చెబుతాను. 2024 సెప్టెంబరు 1, ఆదివారం. ఆ రోజు విజయవాడలో ఏం జరిగిందో మీకు తెలుసు. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరులో కలిసే బుడమేరు గండ్లు పడి సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం, కండ్రిక, వాంబే కాలనీ అన్నీ నీళ్లలో ఉండిపోయాయి. అటు చూస్తే ప్రకాశం బ్యారేజీ మీద 11 లక్షల క్యూసెక్కులు దాటి కృష్ణమ్మ పోతోంది. సైన్యం వచ్చి గండ్లు పూడ్చడానికి సాయపడాల్సి వచ్చింది. మన యువకులు కొందరు పులిహోర పొట్లాలు, నీళ్ల సీసాలు పట్టుకుని ట్రాక్టర్ల మీద, ఆ పైన పడవల్లో లోపలికి వెళ్లారు. అలా వెళ్లినప్పుడు మూడో రోజున ఒక ఇంటి మెట్ల మీద, పై మెట్టు దగ్గర, ఈ కుక్క కూర్చుని కనిపించింది. మెడలో పట్టా ఉంది, దాని మీద పేరు లేదు. మొరగలేదు, పడవ దగ్గరికి ఉరకలేదు. మా కుర్రాడు చేయి చాపితే లేచి వచ్చి పడవలో ఒక మూల కూర్చుంది. ఫోటో తీసి వాట్సాప్‌లో పంపారు, నీళ్లు తీశాక ఆ వీధిలో తిరిగి అడిగారు. ఎవరూ మాదని రాలేదు. ఆ ఇంట్లో అద్దెకుండేవాళ్లు అంతకుముందే ఖాళీ చేశారని మాత్రం తెలిసింది. అంతకు మించి తెలియదు కాబట్టి వాళ్ల గురించి నేనేమీ అనను.

టీచరమ్మ గారు "నాలుగు రోజులుంచుతా" అని తీసుకెళ్లారు. బుడమేరులో దొరికింది కాబట్టి బుడ్డు. నీళ్లలోంచి తీసినది గనుక మోషే అని పెడదామని వాళ్ల మనవడు ఫోన్లో అన్నాడట. ప్రవక్త పేరు కుక్కకేమిట్రా అని ఆవిడ ఒప్పుకోలేదు.

మొదటి రోజే ఒక వింత జరిగింది. పెరుగన్నం కలిపి ముందు పెడితే ముట్టలేదు. ఆకలితో డొక్కలు ఎండిపోయి ఉన్నాయి, నోట్లోంచి నీరు కారుతోంది, అయినా ముట్టదు. అన్నం వంక ఒకసారి, ఆవిడ మొహం వంక ఒకసారి చూస్తుంది. "తినరా" అన్నారు, "తినమ్మా" అన్నారు. కదల్లేదు. వీడియో కాల్‌లో మనవడు "ఈట్" అన్నాడు. అంతే, గిన్నె ఖాళీ. అప్పుడు అర్థమైంది, దీన్ని ఎవరో కష్టపడి, ప్రేమగా నేర్పి పెంచారని. సిట్ అంటే కూర్చుంటుంది, స్టే అంటే గేటు తీసి ఉన్నా గడప దాటదు, నో అంటే పిల్లిని వదిలేస్తుంది. నలభై ఏళ్లు తెలుగు చెప్పిన టీచరమ్మ గారు ఈ వయసులో కుక్క కోసం ఇంగ్లీషు మాట్లాడుతున్నానని నవ్వుతారు. లాబ్రడార్ కలిసిన నాటు కుక్క. పళ్లు చూసి ఏడేళ్లుంటాయని అప్పుడే డాక్టరు గారు అన్నారు. అంటే ఇప్పుడు పెద్దవాడే. మూతి చుట్టూ తెల్లబడింది.

అమెరికా తీసుకెళ్లొచ్చుగా అని చాలామంది అడుగుతున్నారు. అడగడం తేలికే. 2024 ఆగస్టు 1 నుంచి కుక్కల్ని ఆ దేశంలోకి తెచ్చే నిబంధనలు మారాయి. కుక్కల ద్వారా వచ్చే రేబిస్ ప్రమాదం ఎక్కువగా ఉన్న దేశాల జాబితాలో మనది ఉంది. ఇక్కడ టీకా వేసిన కుక్కకు మైక్రోచిప్ ఉండాలి, టీకా కాగితాలు ఉండాలి, ముందే రక్తపరీక్ష చేయించి ఉండాలి, అది లేకపోతే అక్కడ దిగాక 28 రోజులు విడిగా ఉంచాలి. దిగే విమానాశ్రయం కూడా వాళ్లు చెప్పినదే అయి ఉండాలి. డబ్బున్నవాళ్లు, ముందుగా పూనుకున్నవాళ్లు చేస్తున్నారు, కాదనను. కానీ మూతి నెరిసిన కుక్కను పెట్టెలో పెట్టి అన్ని గంటలు విమానం కింది భాగంలో పంపడం దాని మేలు కోసమా, మన మనసు తృప్తి కోసమా అని టీచరమ్మ గారే అడిగారు. ఆవిడ అడిగిన ప్రశ్న సరైనదే అనిపించింది నాకు.

ఇక మన ఊరి సలహాలు. అడగకుండానే వచ్చిపడ్డాయి. లంకలో వదిలేస్తే అదే బతుకుతుంది అన్నారొకరు. రాత్రిపూట బండెక్కించి కృష్ణ అవతలి ఒడ్డున దింపేస్తే తిరిగి రాదు అన్నారింకొకరు. కైకలూరు వైపు చేపల చెరువుల మీద కాపలాకు ఇచ్చేయమన్నవాళ్లున్నారు. ఒక సూది వేయిస్తే దానికీ బాధ ఉండదు, మీకూ ఉండదు అన్న పెద్దమనిషి కూడా ఉన్నాడు. ఎవరూ చెడ్డ ఉద్దేశంతో చెప్పలేదు. మన చుట్టూ ఎప్పట్నుంచో ఇలాగే జరుగుతోంది కాబట్టి చెప్పారు.

వదిలేయడం గురించి ముందు చెబుతాను. ఇంట్లో గిన్నెలో తిని పెరిగిన కుక్క లంకలో బతకదు. దానికి ఎలకను పట్టడం రాదు, వేరే కుక్కల గుంపు దాన్ని దగ్గరికి రానివ్వదు. ఈట్ అనేవాళ్లు లేక కొన్నాళ్లు ఎదురుచూసి, తర్వాత రోడ్డెక్కి లారీ కింద పడుతుంది. ఇది చట్టరీత్యా నేరం కూడా. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్‌లో, ఆకలిదప్పులతో బాధపడే పరిస్థితిలో జంతువును వదిలేయడాన్ని క్రూరత్వంగానే లెక్కించారు. మరి 2025లో వీధికుక్కల మీద సుప్రీంకోర్టులో ఎంత వాదన నడిచిందో మీరు టీవీల్లో చూశారు. ఆ ఏడాది ఆగస్టు 22న ఇచ్చిన ఉత్తర్వులో ఒక మాట నాకు నచ్చింది. వీధికుక్కను దత్తత తీసుకోవాలనుకునేవాళ్లు మున్సిపాలిటీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు, కానీ తీసుకున్నాక అది మళ్లీ వీధిలోకి రాకుండా చూసే బాధ్యత వాళ్లదే. వీధి మీద కుక్కలు ఎక్కువయ్యాయని మనమే అంటాం, మనింట్లోదాన్ని తీసుకెళ్లి ఆ వీధిలోకే కలుపుతాం.

చేపల చెరువుల సంగతి. బాగా చూసుకునే రైతులు నాకు తెలుసు, అందర్నీ ఒకే గాటన కట్టను. కానీ సాధారణంగా జరిగేది ఏమిటి? గట్టు మీద రేకుల షెడ్డు, నాలుగడుగుల గొలుసు, మే నెల ఎండ, వచ్చే పోయేవాడి దయమీద తిండి. అరవడానికి కుక్క కావాలి వాళ్లకి. బుడ్డు అరవదు. అరవనందుకు దెబ్బలు తింటుంది. మంచిగా ఉండడం నేర్చుకున్న ప్రాణిని అలాంటి చోటికి పంపకూడదు.

సూది విషయం సున్నితమైంది. నయం కాని జబ్బుతో తీసుకుంటున్నప్పుడు పశువైద్యుడు ఆ నిర్ణయం చెబితే అది కరుణే. దాన్ని నేను తప్పుపట్టను. కానీ బుడ్డుకు జబ్బు లేదు. యజమాని ఊరు మారడం జబ్బు కాదు.

మొన్న ఒక సహోదరుడు నన్ను నిలదీశాడు. "అయ్యగారూ, ఆ వరదల్లో మనుషులే గోలెత్తిపోయారు. ఇళ్లు పోయినవాళ్లకు ఇంకా ఇళ్లు లేవు. మీరు కుక్కకు ఇల్లు వెతుకుతారా?" అన్నాడు. మాటలో న్యాయం ఉంది. నేను దాన్ని తేలిగ్గా తీసేయను. కానీ వరద పనిలో తిరిగినవాళ్లకు తెలిసిన సంగతి ఒకటుంది. చాలాచోట్ల పడవ వచ్చినా మనుషులు ఎక్కరు. గేదెను వదిలి రామంటారు, కుక్కను వదిలి రామంటారు. లంక గ్రామాల్లో ఇది ప్రతి వరదకీ జరిగేదే. అమెరికాలో 2005లో కత్రినా తుపాను వచ్చినప్పుడు పెంపుడు జంతువుల్ని వదిలి రావడానికి చాలామంది ఒప్పుకోలేదు. ఆ అనుభవం తర్వాత 2006లో, విపత్తు ప్రణాళికల్లో పెంపుడు జంతువుల్నీ లెక్కలోకి తీసుకోవాలని అక్కడ చట్టమే చేశారు. జంతువును చూసుకుంటే మనిషిని వదిలేసినట్టు కాదు. చాలాసార్లు ఆ రెండూ ఒకే పడవలో ఉంటాయి.

నీనెవె పట్టణం మీద దేవుడు ఎందుకు జాలిపడ్డాడో యోనా గ్రంథం చివర్లో చూడండి. కుడి ఎడమ తెలియని లక్షా ఇరవై వేల మంది గురించి చెప్పి, ఆ లెక్కలోనే పశువుల్ని కూడా కలుపుతాడు. గ్రంథం అక్కడితో ఆగిపోతుంది. సెమినరీలో చదువుకునే రోజుల్లో ఆ ఆఖరి మాట ఏదో పొరపాటున మిగిలిపోయిందేమో అనుకునేవాళ్లం విద్యార్థులం. మా గురువుగారు అది పొరపాటు కాదని ఒక గంట బోధించారు.

ఇక్కడ ఇంకొక సంగతి దాటేసి పోలేను. కుక్క అనే మాట మన సంఘాల్లో చాలామందికి గుచ్చుకునే మాట. మన తాతల్ని, అవ్వల్ని ఆ మాటతో పిలిచిన రోజులున్నాయి. బావి దగ్గరికి కుక్కను రానిచ్చి మనిషిని రానివ్వని రోజులున్నాయి. కొన్ని ఇళ్లలో కుక్కను పెంచిందే పేటవాళ్లు గడప తొక్కకుండా ఉండడానికి. కాబట్టి పాస్టరు కుక్క గురించి ఇంత రాస్తే కొందరికి లోపల ఎక్కడో మండుతుంది. మండడం తప్పు కాదు. కానీ ఆ అవమానం చేసింది మనుషులు. పాపం కుక్కకు కులం తెలియదు. బుడ్డు పడవెక్కినప్పుడు మన కుర్రాడి ఇంటిపేరు అడగలేదు. గుర్రం జాషువా గారు 1941లో గబ్బిలం కావ్యం రాసినప్పుడు, ఇంట్లోకి వస్తే అరిష్టమని జనం తరిమే ప్రాణినే తన గోడు మోసుకెళ్లే దూతగా ఎంచుకున్నారు. హంసను, మేఘాన్ని పంపిన కవులు అంతకుముందు చాలామంది ఉన్నారు. తోసేయబడినవాడి బాధ తోసేయబడిన ప్రాణికి చెప్పుకోవచ్చని ఆయనకే తోచింది.

బైబిల్లో కూడా కుక్క చాలాచోట్ల తిట్టే. గొల్యాతు దావీదు కర్రను చూసి తనను కుక్క అనుకుంటున్నావా అని మండిపడ్డాడు. పౌలు ఫిలిప్పీయులకు రాస్తూ దుర్బోధకులకు ఆ పేరు పెట్టాడు. అయితే కొంచెం నిదానంగా చదివితే ఆ మాట వచ్చినచోట కొన్నిసార్లు ఏం జరుగుతుందో గమనించండి. యోనాతాను కొడుకు మెఫీబోషెతు, రెండు కాళ్లూ కుంటి, దావీదు ముందు సాగిలపడి తనను చచ్చిన కుక్కతో పోల్చుకున్నాడు. దావీదు ఏం చేశాడు? వాదించలేదు, ఉపదేశించలేదు. బతికినన్నాళ్లు తన బల్ల దగ్గర భోజనం పెట్టాడు. సురోఫెనికయ స్త్రీ కూడా అంతే. బల్ల కింద పడే రొట్టెముక్కల గురించి మాట్లాడి తన కూతురికి స్వస్థత తీసుకుని వెళ్లింది. లాజరు పుండ్లను నాకింది కుక్కలే. లోపల విందులో కూర్చున్న ధనవంతుడు బయటికి కూడా రాలేదు.

కాలేబు పేరు కూడా ఆలోచించదగ్గది. హెబ్రీలో కుక్క అనే మాటకు ఆ పేరు చాలా దగ్గరగా ఉంటుంది, రెండూ ఒకటేనని చెప్పే పండితులున్నారు. నాకైతే ఆ మనిషి స్వభావం చూస్తే సరిపోయిందనిపిస్తుంది. నమ్మినవాడి వెనకాల నలభై అయిదేళ్లు మారకుండా నడిచాడు. యెహోషువ 14వ అధ్యాయంలో ఆయన వయసు 85. అప్పుడు వచ్చి తనకు ఉండడానికి చోటు అడుగుతాడు. ముసలివాడివి, నీకెందుకయ్యా అని ఎవరూ అనలేదు. హెబ్రోను ఇచ్చారు.

రెస్క్యూ డాగ్ అని ఇంగ్లీషులో అంటారు కదా, ఆ మాటకు రెండర్థాలు. ఆపదలోంచి రక్షించి తెచ్చిన కుక్క ఒకటి, ఆపదలో ఉన్న మనుషుల్ని రక్షించే కుక్క రెండోది. మనకు ఎంతో దూరం లేదు, గన్నవరం దగ్గర కొండపావులూరులో జాతీయ విపత్తు స్పందన దళం 10వ బెటాలియన్ ఉంది. ఆ దళంలో శిథిలాల కింద మనుషుల జాడ పట్టే కుక్కలు పనిచేస్తాయి. 2023 ఫిబ్రవరిలో తుర్కియేలో భూకంపం వచ్చినప్పుడు మన దేశం నుంచి వెళ్లిన బృందంలో రోమియో, జూలీ అనే రెండు లాబ్రడార్లు కూడా ఉన్నాయి. శిథిలాల కింద ఉన్న ఆరేళ్ల పాపను ఆ కుక్కలు కనిపెట్టాయి. జూలీ మొరిగిన చోట తవ్వితే పాప ప్రాణంతో దొరికింది. యంత్రాలకు అందనిది ముక్కుకు అందింది.

అలాంటి కుక్కలు కూడా ముసలివవుతాయి. అప్పుడు? మన సైన్యంలో ఒకప్పుడు పని అయిపోయిన కుక్కల్ని చంపేసే పద్ధతి ఉండేది. 2015 ప్రాంతంలో దాని మీద గట్టిగా ప్రశ్నలు లేచాక అది మారింది, ఇప్పుడు రిటైరైన కుక్కల్ని దత్తతకు ఇస్తున్నారు. 2019లో ఢిల్లీ మెట్రోలో కాపలా కాసిన ఏడు కుక్కలకు సీఐఎస్ఎఫ్ వాళ్లు ఉద్యోగులకు చేసినట్టే వీడ్కోలు సభ చేసి, చూసుకునేవాళ్ల చేతికి అప్పగించారు. తుపాకులు పట్టిన శాఖలే ఇది నేర్చుకున్నాయంటే ఆరాధన చేసే సంఘం నేర్చుకోకపోవడమేమిటి అని అడుగుతున్నాను. ఇంగ్లండులో 1824లో జంతుహింసకు వ్యతిరేకంగా సంఘం పెట్టడంలో ముందు నిలబడినవాడు ఆర్థర్ బ్రూమ్ అనే పాదిరి గారే. ఆ సంఘం అప్పుల కోసం ఆయన జైలుకు కూడా వెళ్లాడు. మిమ్మల్ని జైలుకు వెళ్లమనడం లేదు లెండి, ఒక గిన్నె పెరుగన్నం అడుగుతున్నాను.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. కుక్కను పెంచాలనుకునేవాళ్లు అందరూ పిల్లనే అడుగుతారు. ముద్దుగా ఉంటుంది, మనకు అలవాటు పడుతుంది అంటారు. అరవై దాటిన దంపతులున్న ఇంటికి కుక్కపిల్ల సరైనది కాదని నా అభిప్రాయం. అది ఏడాదిపాటు చెప్పులు కొరుకుతుంది, మంచం మీద పాసిపోస్తుంది, కాళ్లకు అడ్డం పడి పెద్దవాళ్లను పడేస్తుంది. పైగా పన్నెండు, పదిహేనేళ్లు బతుకుతుంది. అన్నేళ్లు మనం చూసుకోగలమా అని ఎవరూ లెక్క వేయరు. బుడ్డులాంటి కుక్క వేరు. నేర్చుకోవలసినదంతా నేర్చుకునే ఉంది. పగలంతా అరుగు మీద నిద్రపోతుంది. పొద్దున ఒక అరగంట, సాయంత్రం ఒక అరగంట నడిపిస్తే చాలు. ఆ నడక డాక్టరు గారు మీకూ చెప్పిందే కదా.

మన డెల్టాలో ఎన్ని ఇళ్లు అలా ఉన్నాయో కాపరిగా తిరిగే నాకు తెలుసు. రెండంతస్తుల ఇల్లు, టైల్సు, ఏసీ, ఇద్దరే మనుషులు. లేదా ఒక్కరే. పిల్లలు డల్లాస్‌లో ఒకరు, మెల్‌బోర్న్‌లో ఒకరు. సాయంత్రం ఆరు దాటితే టీవీ తప్ప మాట్లాడేది ఉండదు. అలాంటి ఇంట్లో ఒక ప్రాణి లేచి తోకాడిస్తూ గేటు దాకా వస్తే ఆ మనిషి పొద్దున లేవడానికి ఒక కారణం ఉంటుంది. పేదవాడి గొర్రెపిల్ల గురించి నాతాను దావీదుకు చెప్పిన కథ గుర్తుందా? అది ఆ మనిషి గిన్నెలో తిని, ఒళ్లో పడుకుని, కూతురిలా పెరిగింది. దావీదు ఆ కథ వినగానే రగిలిపోయాడు. గొర్రె ఖరీదు కోసం కాదు ఆ కోపం.

పెంచాలనుకునేవాళ్లకు తెలియాల్సినవి కొన్ని చెబుతాను, దాచకుండా. బుడ్డుకు వెనక కాలు కొంచెం పట్టేస్తుంది, చలికాలం పొద్దున్నే లేవడానికి కష్టపడుతుంది. గచ్చు మీద కాకుండా గోనె పట్టా మడిచి వేయాలి. రేబిస్ టీకా ఏటా వేయించాలి, ఇప్పటిదాకా తప్పలేదు, కార్డు ఉంది. విత్తులు తీయించారు కాబట్టి ఆడకుక్కల వెంట పోదు. వానాకాలంలో గోమార్లు పడతాయి. మన ప్రాంతంలో వాటివల్ల వచ్చే జ్వరం కుక్కల ప్రాణం తీస్తుంది, అందుకని చెవుల లోపల, వేళ్ల సందుల్లో వారానికొకసారి చూడాలి. తిండి మానేసి ముభావంగా ఉంటే ఆలస్యం చేయొద్దు, గన్నవరంలో పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది, 1962కు ఫోన్ చేస్తే పశువుల అంబులెన్సు ఉంది. కోడి ఎముకలు ఉడికించినవి వేయకూడదు, గుచ్చుకుంటాయి. చాక్లెట్, ద్రాక్ష, ఉల్లిపాయ పడవు. కోతలప్పుడు చేలల్లో ఎలకల మందు పెడతారు, ఆ రోజుల్లో తాడు లేకుండా వదలొద్దు. దీపావళికి భయపడుతుంది. మన క్రిస్మస్ టపాకాయలకు కూడా అంతే భయపడుతుంది, డిసెంబరు 31 రాత్రి మైకు దగ్గర ఉన్న ఇల్లయితే ఒకసారి ఆలోచించండి.

చిన్నపిల్లలున్న ఇళ్లవాళ్లు భయపడితే అది న్యాయమైన భయం. మన మండలంలో కుక్కకాటుకు బిడ్డను ఎత్తుకుని పరుగెత్తిన తల్లుల్ని చూశాను. రేబిస్ లక్షణాలు వచ్చాక దాదాపు ఎవరూ బతకరు. అందుకని ఏ కుక్క కరిచినా, అది మనింటిదైనా సరే, సబ్బుతో పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి, పసుపు, సున్నం ఏదీ పూయకుండా, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టాలి. బుడ్డు ఇంతవరకు ఎవర్నీ కరవలేదు. అయినా తినేటప్పుడు, పడుకున్నప్పుడు పిల్లలు దాని మీద పడకుండా చూడాలి. ముసలి కుక్కకు చెవులు తగ్గుతాయి, ఉలిక్కిపడి పళ్లు తగిలించవచ్చు.

ఇల్లు మారడం దానికి కష్టంగానే ఉంటుంది. రెండు ఇళ్లు పోగొట్టుకున్న ప్రాణి అది, ఇది మూడోది. కుక్కల గురించి తెలిసినవాళ్లు మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అని ఒక లెక్క చెబుతారు. మొదటి మూడు రోజులు బిక్కుబిక్కుమంటూ ఒక మూల ఉంటుంది, తినకపోవచ్చు. మూడు వారాలకు ఇంటి వేళలు తెలుస్తాయి. మూడు నెలలకు ఇది నా ఇల్లు అనుకుంటుంది. అందుకే అప్పగింత ఒక్కరోజులో జరగకూడదని టీచరమ్మ గారితో మాట్లాడుకున్నాం. ఆవిడ ప్రయాణం లోపు నాలుగైదుసార్లు బుడ్డును వెంటబెట్టుకుని కొత్త ఇంటికి వెళ్లి మధ్యాహ్నం దాకా కూర్చుంటారు. తర్వాత ఒక రాత్రి ఉంచి చూస్తాం. దాని గోనెపట్టా, గిన్నె, ఆవిడ పాత చీర ముక్క దాంతోపాటే వస్తాయి. పేరు మార్చొద్దు. దానికి తెలిసిన మాటలన్నీ కాగితం మీద తెలుగు అక్షరాల్లో రాసి ఇస్తారు, ఎలా పలకాలో కూడా. మొదటి నెల గేటు జాగ్రత్త, పాత ఇంటిని వెతుక్కుంటూ వెళ్లిపోయే కుక్కలున్నాయి. తాళం వేసిన ఇంటి ముందు అది కూర్చోవడం మనం చూడకూడదు.

పెద్దవాళ్లు అడిగే ప్రశ్న ఒకటుంది, నోటితో అనకపోయినా. "నాకేమైనా అయితే?" దీనికి నాకు తోచిన జవాబు ఇది. ఒక ఇల్లు కుక్కను తీసుకుంటుంది, ఇంకో ఇల్లు పూచీ పడుతుంది. మొదటి ఇంట్లోవాళ్లకు జబ్బు చేసినా, పిల్లల దగ్గరికి వెళ్లినా, ప్రభువు పిలిచినా, పూచీ పడ్డవాళ్లు ఏ సాకూ లేకుండా తీసుకోవాలి. యూదా తన తండ్రి ముందు నిలబడి బెన్యామీనుకు పూచీ పడ్డాడు కదా, నా చేతిలోంచే అడగమని. అంత పెద్ద మాట కుక్కకెందుకు అనకండి. మాట మాటే. ఇద్దరి పేర్లూ సంఘం పుస్తకంలో రాసి ఉంచుతాను. దూర దేశాల్లో ఉన్న బిడ్డలు కొందరు ఖర్చులకు పంపుతామని ఇప్పటికే అన్నారు. మంచిదే, టీకాలకు, మందులకు వాడదాం. కానీ నాకు డబ్బు కంటే మీ అమ్మానాన్నలకు ఫోన్ చేసి ఈ సంగతి చదివి వినిపించేవాళ్లు కావాలి. చాలామంది పెద్దవాళ్లు పిల్లలు ఒద్దంటారేమోనని ఆగిపోతున్నారు.

అడిగినవాళ్లందరికీ ఇవ్వం. కట్టేసి ఉంచుతామనేవాళ్లకు ఇవ్వం. "తీసుకెళ్లి చూద్దాం, కుదరకపోతే వదిలేద్దాం" అనే ఇంటికి ఇవ్వం. కుదరకపోతే వెనక్కి నా దగ్గరికే తేవాలి, పార్సనేజీ వెనక చోటుంది. మరి మీరే ఉంచేసుకోవచ్చుగా అయ్యగారూ అంటారని తెలుసు. వారంలో నాలుగు రోజులు ఊళ్లు తిరిగే ఇల్లు మాది, తలుపు తాళం వేసే ఉంటుంది. కనిపెట్టుకుని ఉండే కుక్కకు ఇంట్లో మనిషి ఉండాలి. అయినా ఎవరూ ముందుకు రాకపోతే ఆ తాళం సంగతి మేమే చూసుకుంటాం, లంక మాత్రం లేదు.

టీచరమ్మ గారి విమానం 28వ తేదీన. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వెనక వేపచెట్టు కింద బుడ్డు ఉంటుంది, ఆవిడ కూడా ఉంటారు. వచ్చి చూడండి, పక్కన కాసేపు కూర్చోండి. వంగి మీద పడకుండా చేయి చాపి ఆగితే అదే వచ్చి వాసన చూస్తుంది. బిస్కెట్లు తేవద్దు, పొద్దున్నే తిని వస్తుంది. ఒకవేళ తెచ్చినా, ఈట్ అనేదాకా ముట్టదు.